ఆయనకు వినపడని వరస

పోయిన వారం మనం అన్నాల దగ్గర ఆగిపోయాం. సంగీతశాల వేదిక మీద, దాదాపు బిగింపు పూర్తయిన ఆర్గాన్ ముందు, పాత పరదా ఒకటి పరుచుకుని అందరం డబ్బాలు విప్పాం. మొదటి ముద్ద నోట్లో పెట్టామో లేదో, పైనెక్కడో ఒక చిన్న గొట్టం ఎవరూ మెట్టు నొక్కకుండానే తనంతట తాను కూయడం మొదలుపెట్టింది. మూత కింద కాస్త రంపపు పొట్టు ఇరుక్కుంటే చాలు, ఇలాగే అవుతుంది. అలా అయినప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆ గొట్టానికి గొంతు పెట్టినవాళ్లే లేవాలి. అన్నం ముందున్నా సరే, చెయ్యి కడుక్కుని వెళ్లి దాని నోరు మూయించి రావాలి. ఇంకొకళ్లు లేస్తే అది పెద్ద అమర్యాద కింద లెక్క.

ఆ చిన్న గొట్టాలన్నిటికీ గొంతు పెట్టింది మా మామగారు. ఆయన లేవలేదు. నేను రెండు చెవులూ మూసుకున్నాను. మా ఆయన పళ్లు బిగపట్టి పైకప్పు వైపు చూస్తున్నాడు. మామగారు మాత్రం తాపీగా ముద్ద కలుపుకుంటూ, "ఈ కూరలో ఉప్పు ఎవరు వేశారే? చేతికి అడ్డూ అదుపూ ఉండక్కర్లేదా?" అన్నారు. అక్కడ ఆగాం.

ఈ వారమే మా ఇంట్లో అడుగుపెట్టినవాళ్లుంటే వాళ్లకి రెండు ముక్కలు చెప్పేస్తాను. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. మాది ఆర్గాన్లు కట్టే ఇల్లు. ఆర్గాన్ అంటే ఒళ్లో పెట్టుకునే హార్మోనియం కాదు. గోడంత పొడుగు గొట్టాల నుంచి పెన్సిలంత గొట్టాల దాకా వరసలు కట్టి నిలబడి ఉంటాయి. కింద గదిలో మోటారుతో గాలి నిండే తిత్తి ఉంటుంది. దాని మీద పెట్టిన ఇనప దిమ్మల బరువుకి గాలి ఒకే ఒత్తిడితో పైనున్న గాలిపెట్టెలోకి పోతుంది. వాయించేవాళ్లు మెట్టు నొక్కగానే ఆ పెట్టెలో ఒక మూత తెరుచుకుంటుంది. గాలి గొట్టం పాదంలోంచి దూరి, నోటి దగ్గరున్న సన్నటి చీలికలోంచి బయటికొచ్చి, పై పెదవికి తగులుతుంది. అప్పుడు గొట్టం లోపలి గాలంతా ఊగుతుంది. ఆ ఊపే స్వరం. పొడుగు గొట్టమైతే గంభీరంగా, పొట్టిదైతే సన్నగా పలుకుతుంది. విద్యంతా ఇంతే. ఇంతమాత్రం విద్యకి మా మామగారు తన జీవితం మొత్తం ధారపోశారు.

కొత్త గొట్టం ఊరికే పలకదు. బుస్సుమంటుంది, లేకపోతే ఈల వేస్తుంది. పాదం రంధ్రం ఎంత ఉండాలి, నోరు ఎంత తెరవాలి, పెదవి ఎటు వంగాలి అన్నది వింటూ వింటూ సరిచెయ్యాలి. దాన్నే మేం గొంతు పెట్టడం అంటాం. ఆ పని మామగారిది. ఆయన గొట్టాల దగ్గర ఉంటే, అత్తగారు వాయించే మెట్ల ముందు కూర్చుని ఆయనకి ఒక్కొక్కటే నొక్కి పెడతారు. మా ఆయన గాలిపెట్టెలు చేస్తాడు. నేను దర్జీల ఇంటి పిల్లని కాబట్టి తిత్తులకి తోలు అతికే పని నాది. ఇక మా ఆయన అక్క, నాకు వదిన. తగరమూ సీసమూ కరిగించి రేకులు పోసి, చుట్టి, అతికి, గొట్టాన్ని గొట్టంగా చేసేది ఆవిడే. అన్నీ చేస్తుంది గానీ గొంతు పెట్టే కత్తి మాత్రం ఆవిడ చేతికి రాలేదు. అడిగినప్పుడల్లా మామగారిది ఒకటే పాట: "నీ చెవి ఇంకా పండలేదు." వదిన జుట్టు నెరవడం మొదలైంది గానీ, ఆ చెవి మాత్రం పండటం లేదు.

ఇంకొక్క మాట, అసలైనది. ఈ శాలలో ఆర్గాన్ వాయించబోయే టీచరమ్మ నిన్న వచ్చి వెనక కుర్చీల్లో కూర్చుని విన్నది. అన్నీ బాగున్నాయి గానీ ఆ చివరి చిన్న గొట్టాల వరస మాత్రం చెవిలో గుచ్చుకుంటోంది అంది. ఈ మధ్యాహ్నం మళ్లీ వస్తానంది. అప్పటికీ అలాగే ఉంటే ఆ వరసకి గాలి రాకుండా శాశ్వతంగా మూసెయ్యమంది. గట్టిగా కూడా అనలేదు, మర్యాదగానే అంది. ఆ మర్యాదకే మామగారికి రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన చేత్తో పలికిన వరస ఏదీ ఇంతవరకు ఎవరూ మూయమనలేదు.

ఇక ఇప్పటి సంగతి.

మామగారు అడిగిన ఉప్పు సంగతి పట్టించుకోకుండా వదిన డబ్బా కింద పెట్టి లేచింది. చెయ్యి కూడా కడుక్కోకుండా నిచ్చెనెక్కింది.

"ఎక్కడికే, అన్నం మధ్యలో?" అన్నారు మామగారు.

పైన కూత టక్కున ఆగింది. వదిన దిగి వచ్చి గుప్పిట విప్పి ఆయన ముందు పెట్టింది. చిటికెన వేలంత గొట్టం.

"ఇది ఇంతసేపూ అరుస్తూనే ఉంది నాన్నా."

మామగారు గొట్టం వైపు చూశారు, తర్వాత మా అందరి మొహాల వైపు చూశారు. మా మొహాల్లో ఏం కనపడిందో గానీ, వెంటనే సర్దుకున్నారు. "వినపడిందిలే. అన్నం మీద నుంచి లేవడం ఎందుకని ఊరుకున్నా."

"నువ్వా? ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా దుప్పటి కప్పుకుని నిచ్చెనెక్కినవాడివి, నువ్వు ఊరుకున్నావా?"

"వయసు మీద పడితే బద్ధకం రాదా ఏం?"

"అన్నం తిననివ్వవే తల్లీ," అని అత్తగారు మధ్యలో అడ్డం పడ్డారు. "తిన్నాక మాట్లాడుకోవచ్చు." ఆవిడ అంత తొందరగా అడ్డం పడటం నాకు ఎందుకో నచ్చలేదు. మా అత్తగారు తండ్రీకూతుళ్ల గొడవలో తలదూర్చే మనిషి కాదు. వాళ్లిద్దరూ అరుచుకుంటుంటే పక్కన కూర్చుని కూరగాయలు తరుక్కునే రకం.

వదిన ఆగలేదు. "నాన్నా, నీకు సన్నటి స్వరాలు వినపడటం లేదు."

ఆ మాట బయటికి వచ్చేసింది. శాలంతా ఖాళీగా ఉందేమో, అది గోడలకి తగిలి మళ్లీ మా మధ్యకే వచ్చి కూర్చున్నట్టయింది. మామగారి మొహం ఎర్రబడింది.

"నాకే చెవుడు అంటగడతావా? గోడంత గొట్టాలూ వేలంత గొట్టాలూ అన్నీ నా చేతిమీదే పలికాయి. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి."

"అయితే పరీక్ష పెడతాను. కాదని తేలితే అందరి ముందూ చెంపలేసుకుంటాను."

"పెట్టవే, పెట్టు! నాకు పరీక్ష పెట్టేదాకా వచ్చింది ఈ ఇల్లు!" అంటూ మామగారు డబ్బా పక్కకి తోసి, ముందు వరస కుర్చీ ఒకటి వెనక్కి తిప్పుకుని, ఆర్గాన్‌కి వీపు పెట్టి కూర్చున్నారు. స్వరం వినపడగానే వేలెత్తుతానన్నారు. అత్తగారు వెళ్లి మెట్ల ముందు కూర్చున్నారు. పొద్దున వేసిన మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. తిత్తి నిండుగానే ఉంది.

అత్తగారు నడిమి మెట్టు నుంచి మొదలుపెట్టారు. "ఊఁ." మామగారి వేలు లేచింది. తర్వాతది. "ఊఁ." మళ్లీ లేచింది. పైకి వెళ్తున్నకొద్దీ స్వరాలు సన్నబడ్డాయి, దారంలా అయ్యాయి, చివరికి పళ్లు జివ్వుమనిపించే చోటికి చేరాయి. వేలు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆఖరి మెట్టు అయ్యాక మామగారు కుర్చీ ఈడ్చుకుంటూ మావైపు తిరిగారు.

"వేసుకో చెంపలు," అన్నారు.

వదిన మొహం చూడలేకపోయాను. తప్పు పట్టినందుకు సిగ్గుపడాలో, తప్పు కానందుకు సంతోషపడాలో తెలియక నిలబడిపోయింది. చెంపల దాకా చేతులు ఎత్తింది కూడా. అప్పుడే నాకు ఏదో తట్టింది.

మెట్లు నొక్కేవాళ్లు నొక్కగానే "ఊఁ" అనడం మా పనిలో మామూలే. గొట్టాల దగ్గరున్న మనిషికి ఏ మెట్టు మీదున్నారో తెలియాలి కదా. కాపురానికి వచ్చినప్పటి నుంచి వింటున్నాను ఆ ఊఁ. విని విని, ఇంట్లో గోడ గడియారం చప్పుడులా అది నాకు వినపడటమే మానేసింది. కానీ ఇవాళ నేను మామగారి వేలినే చూస్తున్నాను. వేలు లేచింది గొట్టం పలికినప్పుడు కాదు. అత్తగారు పలికినప్పుడు.

"అత్తయ్యా, మీరు కాస్త లేవండి," అన్నాను. "ఈసారి నేను నొక్కుతాను."

అత్తగారి చేతులు మెట్ల మీదే ఉండిపోయాయి. నావైపు ఆవిడ చూసిన చూపు ఎన్నటికీ మరచిపోను. కోపం కాదు. బతిమాలుతున్నట్టు చూశారు. అయినా లేచారు.

"నువ్వు నొక్కినా అంతేనమ్మా," అంటూ మామగారు ధీమాగా వీపు తిప్పుకున్నారు.

నడిమి మెట్టు నొక్కాను. నోరు మెదపలేదు. వేలు లేచింది. ఇంకొంచెం పైది. లేచింది. ఇంకా పైది. కాస్త ఆలస్యంగా, అనుమానంగా లేచింది. నాకు అక్కడే ఆపెయ్యాలనిపించింది. నా తండ్రి అయితే ఆపేసేదాన్నేమో. వదిన నా భుజం మీద చెయ్యేసి ఉంది. ఆఖరి మెట్టు నొక్కి అలాగే పట్టుకున్నాను. స్వరం శాల నిండా పరుచుకుంది. మా ఆయన చెవిలో వేలు పెట్టుకున్నాడు.

మామగారు కాసేపు అలాగే కూర్చుని, "ఏమ్మా, ఇంకా మొదలుపెట్టవేం?" అన్నారు.

నేను మెట్టు మీంచి వేలు తీసేశాను. ఎవరం ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం మాత్రం ఆయనకి బాగానే వినపడినట్టుంది. మెల్లగా ఇటు తిరిగారు. తిరిగిన మనిషి ఇందాక వీపు చూపించి కూర్చున్న మనిషిలా లేరు.

"ఆయన్నేం అనకండి," అన్నారు అత్తగారు. "చేసిందంతా నేనే. పొట్టిగా ఊఁ అంటే బాగున్నట్టు. సాగదీసి ఊఁఁ అంటే ఇంకా చాలలేదని. రెండుసార్లు అంటే ఎక్కువైంది, తగ్గించమని. చెయ్యి ఆయనదే. చెవి ఒక్కటే నాది."

"ఎప్పటినుంచి?" అంది వదిన.

"దీని ముందు కట్టిన ఆర్గాన్ నుంచి. దాని ముందుది కూడా, సగం."

"ఆవిడ ఊఁ అంటే నేను విన్నట్టేనే," అన్నారు మామగారు, నేల వైపు చూస్తూ. "ఇన్నేళ్లు పక్కనే కూర్చుంది. నాకేది కావాలో నాకంటే ఆవిడకే బాగా తెలుసు."

ఇక వదిన ఆగలేదు. అరవలేదు గానీ, అరిస్తేనే నయమనిపించింది. "అంటే అమ్మ చెవి పండింది. నాదే పండలేదు. నేను పోసిన రేకుల్తో, నేను చుట్టిన గొట్టాలకి, నాకు చెప్పకుండా మీరిద్దరూ సైగలు చేసుకుంటూ గొంతు పెట్టుకున్నారు. నేను ప్రతిసారీ కత్తి అడగడం, నువ్వు ప్రతిసారీ తప్పు నా చెవి మీదికి నెట్టడం. నాకే ఏదో లోపం ఉందనుకున్నా నాన్నా. నిజంగా అనుకున్నా. రాత్రుళ్లు ఒక్కదాన్నే కూర్చుని స్వరాలు విని విని, ఎక్కడ తప్పుతున్నానా అని చూసుకునేదాన్ని."

మామగారు నేల మీంచి చూపు ఎత్తారు. "నీ చెవి ఎప్పుడో పండింది. నాకు తెలుసు. నా చెవి పోతోందని తెలిసిన రోజునే అది కూడా తెలిసింది. కత్తి నీకిచ్చేస్తే ఇంక నాకేం మిగులుతుందే? పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలి?"

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పుకోడానికి సిగ్గేం లేదు. ఇంత మొండి మనిషి నోట అంత మాట వస్తుందని నేను అనుకోలేదు. ఆయన మీద జాలి వేసింది, వదిన తరఫున ఆయన మీద కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక, పరదా మీద ఒలికిన మెతుకులు ఏరుతూ కూర్చున్నాను.

ఆశ్చర్యం ఏమిటంటే, ముందుగా తేరుకున్నది వదినే. ఆవిడకి పని మీదున్న పట్టు అలాంటిది. చీరకొంగుతో మొహం తుడుచుకుని, చేతిలోని గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటి, పాదం ఇంత తెరిచారు?" అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "అమ్మా, నీ చెవి మంచిదే. పోయిన రెండు ఆర్గాన్లూ తేనెలా పలికాయి, వంక పెట్టినవాళ్లు లేరు. మరి ఇక్కడ ఎందుకు గుచ్చుకుంటోంది?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు," అన్నారు అత్తగారు. "టీచరమ్మ అలా అన్నప్పటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. నాకు ఇక్కడ మెత్తగానే ఉంది. నన్నడిగితే ఇంకా కాస్త చాలదనే అంటాను."

"మెత్తగా ఉందా?" మా ఆయన నోరెళ్లబెట్టాడు. "ఇందాక నా పళ్లు ఊడిపోయేలా ఉంటేనూ!"

వదిన అత్తగారిని లేపి తనే మెట్ల ముందు కూర్చుంది. ఆఖరి మెట్టు నొక్కి, తల వంచి విన్నది. నొసలు ముడిపడింది. నన్ను పిలిచి ఆ మెట్టు మీద నా వేలు పెట్టించి, తను లేచి కుర్చీల మధ్యలోంచి వెనక్కి నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో ఆగింది. ఇంకొంచెం వెళ్లింది. చివరి వరస దాకా వెళ్లి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"అమ్మా! పోయిన రెండిటికీ ఇంటి దగ్గర మన పనిపాకలోనే గొంతు పెట్టారు కదా, అప్పుడు నువ్వెక్కడ కూర్చున్నావు?"

"ఎక్కడేంటి, గొట్టాల పక్కనే. నా స్టూలు మీద."

"ఇక్కడో?"

అత్తగారు మెట్ల వైపు చూశారు. తల ఎత్తి పైకి చూశారు. గొట్టాలు ఎక్కడో పైన, అరుగు లాంటి చెక్క మేడ మీద, ఆవిడ నెత్తికి చాలా ఎత్తులో ఉన్నాయి. గంభీరమైన స్వరాలు మూలమూలలకీ పాకుతాయి, ఎక్కడ కూర్చున్నా అందుతాయి. సన్నటివి అలా కాదు, చూపులాగా సూటిగా పోతాయి. ఆవిడ నెత్తి మీంచి దాటి నేరుగా కుర్చీల్లోకి పోతున్నాయి. కింద కూర్చున్న ఆవిడకి అందుతున్నది మిగిలిన కాస్తే. అది చాలడం లేదని ఆవిడ సాగదీసి ఊఁఁ అన్నారు. ఆయన పాదం ఇంకాస్త తెరిచి ఇంకాస్త గాలి వదిలారు. ఆవిడ మళ్లీ ఊఁఁ. ఆయన మళ్లీ తెరవడం. అలా వరసంతా చేసుకుపోయారు. చెవీ చెయ్యీ ఒకే మనిషివైతే దిగొచ్చి శాలలో నాలుగు మూలలా తిరిగి వినేవారు. ఇద్దరు మనుషులు ఒక్క మనిషిలా నటిస్తే ఇలాంటి తప్పే జరుగుతుంది.

"అయ్యో నా బుర్ర తగలెయ్యా!" అన్నారు అత్తగారు. "కూర్చున్న చోటు చూసుకోవాలని తోచలేదే నాకు!"

ముందు నవ్వింది మామగారు. నిజం. ఖుక్కున ఒకటి వచ్చి, ఆగక, తర్వాత కడుపు పట్టుకున్నారు. "నీ ఊఁ కోసం నేను పాదాలు విప్పుకుంటూ పోయానే! ఇది చాలునా, ఇది చాలునా అని చూస్తున్నా, నువ్వు చాలదు, చాలదు అంటున్నావు!" అత్తగారికి ముందు కోపం వచ్చి, తర్వాత నవ్వొచ్చింది. నవ్వుకి వదిన దూరంగా ఉందామనుకుంది గానీ ఆవిడ వల్ల కాలేదు.

నవ్వులు ఆగాక మామగారు లేచి నిలబడ్డారు. ముందు కట్టుకున్న తోలు గుడ్డ జేబులోంచి చిన్న కత్తీ, లోపల గుంటగా ఉండే ఇత్తడి దిమ్మా తీశారు. గొట్టం పాదాన్ని ఆ గుంటలో పెట్టి తట్టితే రంధ్రం బిగుసుకుంటుంది, గాలి తగ్గుతుంది. రెండూ అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసుకున్నారు. వదినకి అందించారు.

"పాదాలు మాత్రమే బిగించు. నోటి జోలికి పోకు. కోసింది మళ్లీ అతకదు."

"తెలుసు నాన్నా."

"తెలుసని నాకూ తెలుసు. చెప్పకుండా ఉండలేకపోతున్నా, అంతే."

వదిన కత్తి తీసుకుంది. ఏదైనా అంటుందని ఎదురుచూశాను. ఇన్నేళ్ల కోరిక కదా. ఆవిడ ఊరికే ఆ కత్తి పిడి మీద ఆయన బొటనవేలు అరగదీసిన చోట తన బొటనవేలు పెట్టి చూసుకుని, నిచ్చెనెక్కింది.

నేను మెట్ల దగ్గర. అత్తగారు చివరి వరస కుర్చీలో. వదిన ఒక గొట్టం తీసి, దిమ్మలో పెట్టి, చిన్న సుత్తితో మెత్తగా తట్టి, మళ్లీ దాని రంధ్రంలో నిలబెట్టేది. నేను నొక్కేదాన్ని. వదిన పైన వినేది, దిగొచ్చి కుర్చీల్లో వినేది, మళ్లీ ఎక్కేది. మొదటిదానికి నాలుగైదు సార్లు ఎక్కి దిగింది. చివరికి ఒకసారి నొక్కినప్పుడు ఆ స్వరం గుచ్చుకోవడం మానేసింది. సన్నగానే ఉంది, కానీ చల్లగా ఉంది. వచ్చింది అని నాకు కూడా తెలిసిపోయింది.

మామగారు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయనకేమీ వినపడలేదు. వెనక్కి తిరిగి అత్తగారి మొహాన్నే చూస్తున్నారు. ఆవిడ కళ్లు మూసుకుని తల ఊపగానే ఆయనా తల ఊపారు. అలా గొట్టం తర్వాత గొట్టం, వరస మధ్యలో కొన్ని సరయ్యాయి.

అప్పుడు వెనక తలుపు తీసుకుని టీచరమ్మ వచ్చింది. అనుకున్న దానికంటే ముందే. అత్తగారు గబుక్కున లేచి, మామగారి దగ్గరికొచ్చి చెవిలో, "ఏం చెప్పకండి. అమ్మాయి చేసేస్తుంది కదా, ఆవిడకెందుకు ఇవన్నీ," అన్నారు. మా ఆయన కూడా అదే మాట. గొంతు పెట్టే మేస్త్రికి చెవి లేదని బయటికి పొక్కితే మా చేత ఇంకెవరు ఆర్గాన్ కట్టిస్తారు? నిజం చెప్పాలంటే నేనూ వాళ్ల పక్షమే.

మామగారు మా ముగ్గుర్నీ పక్కకి జరిపి ముందుకెళ్లారు.

"అమ్మా, మీరు నిన్న చెప్పింది నిజం. ఆ వరస గుచ్చుకుంటోంది. నాకు తెలియలేదు, ఎందుకంటే నాకది వినపడదు. కొంతకాలంగా వినపడటం లేదు. మా పిల్లలకి కూడా ఈరోజే తెలిసింది. తప్పు నాది, గొట్టాలది కాదు. మా అమ్మాయి సరిచేస్తోంది. మూసెయ్యమనే ముందు దాని పని ఒక్కసారి వినండి."

టీచరమ్మ ఒకసారి పైన గొట్టాల వైపు, ఒకసారి వదిన వైపు చూసింది. ఆవిడ మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు. "మేస్త్రిగారూ, మీరంతా కాసేపు బయట కూర్చోండి," అంది. "మీ అమ్మాయి ఒక్కతే ఉంటే చాలు."

వెళ్లాం. తలుపు మూసుకుంది. వరండాలో బల్ల మీద అత్తగారు, మా ఆయన కూర్చున్నారు. మామగారు కూర్చోలేదు. తలుపు పక్కనే నిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించి పెట్టారు. లోపల పెద్ద గొట్టాలు మోగాయి. అవి తలుపు చెక్కలోంచి ఆయన చేతికి తెలుస్తున్నాయి, మొహం విచ్చుకుంది. తర్వాత మొహం మామూలైపోయింది.

"ఆగిపోయిందా?" అని నన్నడిగారు.

"లేదు మామయ్యా. చిన్నవి వాయిస్తోంది. ఒక్కొక్కటే పైకెళ్తోంది. ఇవి ఇంకా సరిచెయ్యనివి, గుచ్చుకుంటున్నాయి." ఆయన కళ్లు నా నోటినే చూస్తున్నాయి. "ఇప్పుడు వదిన చేసినవి వచ్చాయి. ఆగింది. మళ్లీ వెనక్కొచ్చింది. మళ్లీ వాటినే వాయిస్తోంది."

"ఎలా ఉన్నాయి?"

ఎలా ఉన్నాయని చెప్పను? నాకు తోలు భాషే వచ్చు. "ఎండలో ఆరేసిన కొత్త బట్ట తాకినట్టుంది మామయ్యా," అన్నాను. ఆయనకి అర్థమైనట్టే తల ఊపారు.

తర్వాత ఆర్గాన్ ఆగింది. మాటలు వినపడ్డాయి. టీచరమ్మ మెల్లగా, వదిన అంతకంటే గట్టిగా. అత్తగారు బల్ల మీంచి లేచారు. వదిన గొంతు ఇంకా పెరిగింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

ముందు టీచరమ్మ వచ్చింది. వెనక వదిన, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కత్తి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"మేస్త్రిగారూ, ఆ వరస మూయించను," అంది టీచరమ్మ. "మీ అమ్మాయి చేసిన ఆ కాసిని గొట్టాలూ నేను ఇంతవరకు విన్నవాటిల్లో మంచివి. వరసంతా ఆవిడ చేత్తోనే పూర్తి కావాలి. కానీ చిన్నవి అలా మెత్తబడితే, మీరు పూర్తిచేసిన పెద్దవి వాటిని మింగేస్తాయి. పెద్దవి కూడా విప్పించి మళ్లీ గొంతు పెట్టించాలి. మొత్తం ఆర్గాన్, మొదటి నుంచి చివరిదాకా, ఆవిడే. అది చెబితే ఆవిడ నా మీదకి లేచింది."

"ఏమంది?" అన్నారు మామగారు.

"పెద్దవి మా నాన్న గొంతులు, వాటి మీద కత్తి పెట్టను, కావాలంటే ఇంకెవర్నైనా తెచ్చుకోండి అంది. నేను చెప్తే వినేలా లేదు. మీరే చెప్పాలి."

అందరం మామగారి వైపు చూశాం. ఆయన టీచరమ్మని చూడటం లేదు. తలుపు మీంచి చెయ్యి తీసి, కూతుర్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నారు.

"అలా అందా?" అన్నారు. "నా గొంతులని, అలా అందా?"